గాలి తేలిక, పెట్రోలు కష్టం: ఇంటి షెడ్డులో టర్బో చరిత్ర

సిలిండర్లో కాలిన పెట్రోలు ఇచ్చే వేడిలో దాదాపు మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న రెక్కల చక్రాన్ని నిలిపి, అదే ఇరుసు రెండో కొసకు మరో చక్రాన్ని బిగించి, ఆ రెండో చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజిన్లోకి తోసేదే టర్బోచార్జర్. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. గాలి ఎక్కువగా చేరితే పెట్రోలూ ఎక్కువగా కాల్చవచ్చు, అప్పుడు చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్ పని చేస్తుంది. ఫ్యాక్టరీ సాయం లేకుండా, తుక్కు యార్డుల్లో పాత కార్ల నుంచి విప్పిన భాగాలతో ఇంటి షెడ్డులోనే స్పోర్ట్స్ కారుకు టర్బో తగిలించే అలవాటు అమెరికాలో 1960ల తర్వాత మొదలైంది. 1990ల్లో అది మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు చుట్టూ ఒక చేతిపనిగా స్థిరపడింది. ఈ కథను టర్బోల కథగా చెప్పడమే వాడుక. అయితే గాలిని నొక్కడం మొదటి నుంచీ తేలికైన పనే. ఆ గాలికి సరిపడా పెట్రోలును, సరైన క్షణంలో నిప్పురవ్వను అందించడమే ప్రతి తరం మెకానిక్కునూ ఏడిపించింది. తక్కువ ఖర్చు టర్బో అసలు చరిత్ర అక్కడే ఉంది.

టర్బో ఆలోచనకు తండ్రి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ. ఆయన 1905లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. పొగ వేడికి తట్టుకునే లోహం అప్పట్లో లేకపోవడంతో, డీజిల్ ఇంజిన్ల మీద అది నమ్మకంగా పనిచేయడానికి 1925 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా విమానాలు దాన్ని అందుకున్నాయి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను లారీకెక్కించి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, అంటే 14,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లారు. నేల మట్టాన 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు, పి-47 యుద్ధవిమానాలు ఈ పరికరంతోనే ఎగిరాయి.

యుద్ధం ముగిశాక టర్బో నేల మీదికి దిగింది, ముందుగా డీజిల్ ఇంజిన్లలోకి. దానికి గట్టి కారణం ఉంది. డీజిల్ ఇంజిన్ మొదట ఉత్త గాలినే నొక్కుతుంది, ఇంధనం చివరి క్షణంలో చిమ్ముతుంది. కాబట్టి గాలి ఎంత వేడెక్కినా ముందుగా అంటుకునే ప్రమాదం లేదు. గ్యారెట్ సంస్థ 1950ల్లో క్యాటర్‌పిల్లర్ డి9 బుల్‌డోజర్లకు టర్బోలు సరఫరా చేసింది. తెలుగునాట లారీల మీద కనిపించే ‘టర్బో’ అనే మాటకు మూలం ఈ డీజిల్ దారే. 1952 ఇండియానాపొలిస్ 500 పందెంలో టర్బో బిగించిన కమిన్స్ డీజిల్ కారు అందరికంటే ముందు వరుసలో బయలుదేరింది. కానీ నేలకు దగ్గరగా అమర్చిన దాని గాలి మార్గంలో టైర్ల రబ్బరు తునకలు పేరుకుని మధ్యలోనే ఆగిపోయింది. గాలి మూతి ఎక్కడ పెట్టాలో, దానికి వడపోత ఎందుకు ఉండాలో ఆ ఓటమి చెప్పింది.

పెట్రోలు ఇంజిన్ దారి వేరు. అందులో గాలీ పెట్రోలూ కలిసే నొక్కుకుపోతాయి. ఆ మిశ్రమం మరీ వేడెక్కితే స్పార్కు మంట చేరకముందే మూలల్లో తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. సుత్తితో కొట్టినట్టు లోపలి నుంచి శబ్దం వస్తుంది, కాసేపు అలాగే నడిపితే పిస్టన్ అంచు కరిగిపోతుంది. 1962లో జనరల్ మోటార్స్ ఒకేసారి రెండు టర్బో కార్లను అమ్మకానికి పెట్టి, ఈ ప్రమాదానికి రెండు వేర్వేరు జవాబులు చెప్పింది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ 3.5 లీటర్ల వి8 ఇంజిన్‌లో సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే కంప్రెషన్ నిష్పత్తిని 10.25 దగ్గరే ఉంచి, నాకింగ్ ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మింది. లీటరుకు సుమారు 60 హార్స్‌పవర్ రావడం ఆ రోజుల్లో గొప్పే. కానీ యజమానులు ఆ ద్రవం నింపడం మరిచిపోయేవారు. తొట్టి ఎండితే ఒక కవాటం బూస్టును, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి పీడనాన్ని, కోసేసేది, కారు నీరసించేది, ఫిర్యాదులు వచ్చేవి. చివరికి కంపెనీయే చాలా కార్ల టర్బోలు విప్పేసి మామూలు కార్బురేటర్లు బిగించింది. షెవర్లే కార్వేర్ స్పైడర్ అంత సాహసానికి పోలేదు. కంప్రెషన్‌ను 8కి తగ్గించింది. బూస్టును అదుపు చేసే వేస్ట్‌గేట్ కూడా పెట్టకుండా, పొగ గొట్టం ఇరుకునే అదుపుగా వాడుకుని 150 హార్స్‌పవర్ ఇచ్చింది. తెలివిలో జెట్‌ఫైర్ మిన్న, మన్నికలో కార్వేర్ మిన్న. ఇంటి మెకానిక్కులు కార్వేర్ వైపే మొగ్గారు.

తుక్కులో చేరిన కార్వేర్ల నుంచి వచ్చిన టిఆర్‌డబ్ల్యూ టర్బోలు, ఆ కుటుంబానికే చెంది తర్వాత రాజే పేరుతో అమ్ముడుపోయినవి, తొలి తరం ఔత్సాహికుల ముడిసరుకు. వాటిని ఎలా వాడాలో వివరంగా రాసిన వ్యక్తి హ్యూ మాకిన్నిస్. టర్బో పరిశ్రమలోనే పనిచేసిన ఆయన 1976లో ‘టర్బోచార్జర్స్’ అనే పుస్తకం వెలువరించారు. టర్బో ఏ పీడనంలో ఎంత గాలి ఇవ్వగలదో చూపే కంప్రెసర్ మ్యాపును చదవడం, ఇంజిన్ ఎంత గాలి మింగుతుందో లెక్కకట్టడం, దానికి తగిన టర్బో ఎంచుకోవడం సామాన్యుడికి అందుబాటులోకి రావడంలో ఈ పుస్తకానిది పెద్ద పాత్ర. అంతకుముందు పద్ధతి ఏమిటంటే, దొరికినది బిగించి చూడడం, పగిలితే మరొకటి వెతుక్కోవడం.

ఆ కాలపు బిగింపు తీరు నేటివారికి వింతగా తోస్తుంది. కార్బురేటర్‌ను టర్బోకు ముందు పెట్టేవారు. టర్బో తనవైపు లాక్కునే గాలిలోనే పెట్రోలు కలిసి వచ్చేది. గాలి ఎంత లాగితే పెట్రోలు అంత వస్తుంది గనుక లెక్క దానంతటదే సరిపోయేది, పేదవాడికి ఇదే వరం. ఇబ్బందులూ తక్కువేమీ కాదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మూసుకున్న కార్బురేటర్ వెనక ఏర్పడే వ్యాక్యూమ్ టర్బో బేరింగుల్లోంచి ఆయిల్ లాగేసేది. దాన్ని ఆపడానికి ప్రత్యేకమైన కార్బన్ సీలు కావాలి. చలికాలం ఉదయాన పెట్రోలు గొట్టం గోడలకు అంటుకుని ఇంజిన్ స్టార్టయ్యేది కాదు. అన్నిటికన్నా పెద్ద లోటు, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టే వీలు లేకపోవడం. మండే మిశ్రమంతో నిండిన పెద్ద రేడియేటర్‌ను కారు ముక్కున పెట్టుకుని తిరగడానికి మనసొప్పేది కొద్దిమందికే. కార్బురేటర్‌ను టర్బో తర్వాత పెట్టే రెండో పద్ధతి 1980 నాటి లోటస్ ఎస్ప్రి టర్బోలో ఉంది. దానికి కార్బురేటర్ కీళ్లన్నీ గాలి చొరబడకుండా బిగించాలి, పెట్రోలు పీడనం బూస్టు కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉండాలి. ఇంట్లో ఇది సరిగ్గా కుదిరించగలిగిన వారిని నిజంగా మెచ్చుకోవాలి.

1973లో బీఎమ్‌డబ్ల్యూ 2002 టర్బో, 1975లో పోర్షే 911 టర్బో రోడ్డెక్కాయి. 1977లో రెనో 1.5 లీటర్ల టర్బో కారును ఫార్ములా వన్‌లోకి దించింది. తొలి రోజుల్లో పదేపదే పొగలు కక్కుతూ ఆగిపోయే ఆ కారును చూసి నవ్వినవారే 1979లో డిజాన్ పందెంలో అది గెలవగానే టర్బోల కోసం పరుగెత్తారు. తక్కువ ఖర్చు చరిత్రకు మాత్రం ఈ మెరుపుల కంటే సాబ్ 99 టర్బో ముఖ్యం. అంతకుముందు టర్బోలు గరిష్ఠ వేగానికే పనికొచ్చేవి. 1977లో చూపించిన ఈ కారులో సాబ్ చిన్న టర్బోను, వేస్ట్‌గేట్‌ను జతచేసి, రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో కింది వేగాల్లోనే బలం వచ్చేలా చేసింది. ఆ దారినే వోల్వో, డాడ్జ్, ఫోర్డ్, మిత్సుబిషి, నిస్సాన్ లక్షల కొద్దీ టర్బో కార్లు అమ్మాయి. ఆ కార్లు పదేళ్లు తిరిగి తుక్కు యార్డులకు చేరాయి. బాడీ తుప్పు పట్టినా, టర్బో ఇరుసు వేలితో తిప్పితే సాఫీగా తిరిగేది. 1990ల్లో అమెరికా యార్డుల్లో వోల్వో ఇంటర్‌కూలర్, మిత్సుబిషి టర్బో, కొత్త కారు భాగాల ధరలో చిన్న వంతుకే దొరకడానికి కారణం ఈ కుటుంబపు కార్లే. ఫ్యాక్టరీలు పరిశోధనకు పోసిన డబ్బు ఫలితం తుక్కు ధరకు జనం చేతికి వచ్చింది.

ఆ సరుకుకు తగిన కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో కనిపించింది. మాజ్దా ఎంఎక్స్-5ను అమెరికాలో మియాటా అన్నారు. టన్ను లోపు బరువు, వెనక చక్రాల నడక, 13,800 డాలర్ల ధర, 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. మలుపుల్లో దాన్ని మించిన సంతోషం ఆ ధరకు దొరికేది కాదు, తిన్నని రోడ్డు మీద మాత్రం కుటుంబపు కార్లు కూడా దాటిపోయేవి. లోపం ఎంత స్పష్టమో అవకాశమూ అంతే. ఆ ఇంజిన్ మాజ్దా 323 కార్లలో టర్బోతో నడిచిన బి6 కుటుంబానిదే. ఇనుప బ్లాకు గట్టిది, బానెట్ కింద ఒక పక్క చోటు ఉంది. కార్కీ బెల్ టెక్సస్‌లోని తన సంస్థ నుంచి, బిల్ కార్డెల్ కొలరాడోలోని ఫ్లయిన్ మియాటా నుంచి సిద్ధమైన కిట్లు అమ్మసాగారు. అవి మంచివే, కానీ వేల డాలర్లు. పాత మియాటా ధర పడిపోయేకొద్దీ కిట్ ధర కారు ధరతో పోటీపడింది. అక్కడే ఇంటి పనికి దారి తెరుచుకుంది.

ఆ పనిలో మొదటి ఘట్టం మానిఫోల్డ్. పొగ బయటికి వచ్చే నాలుగు రంధ్రాలను టర్బోకు కలిపే ఈ భాగాన్ని ఆవిరి గొట్టాలకు వాడే మందమైన ఉక్కు మోచేతి ముక్కలతో వెల్డింగ్ చేసేవారు. అంచు పలకకు అర అంగుళం ఉక్కు కావాలి. పలచటి పలక వేడికి వంగి, గాస్కెట్ కొట్టేస్తుంది. ఎర్రగా కాలిన మానిఫోల్డ్ పూర్తి టర్బో బరువు మోస్తూ అదిరిపోతుంటుంది గనుక వెల్డింగ్ అతుకులు పగలడం, టర్బో నట్లు వాటంతటవే వదులై రాలడం ఈ పనిలో పాత జబ్బులు. రేసు ట్రాకులో గంటసేపు నడిపేవారికి చివరికి వేడికి సాగని ఇంకొనెల్ లోహపు స్టడ్లే శరణ్యమయ్యాయి.

రెండోది ఆయిల్. లక్ష చుట్లు తిరిగే ఇరుసు బేరింగు మీద కాదు, ఆయిల్ పొర మీద తేలుతుంది. లోపలికి పోయే ఆయిల్‌ను ఆయిల్ పీడనం మీటరు సెన్సార్ దగ్గర టీ ముక్క వేసి తీసుకోవచ్చు. తిరిగి రావడమే చిక్కు. టర్బోలోంచి ఆయిల్ నురుగులా, పీడనం లేకుండా, కేవలం తన బరువుతో కిందికి జారుతుంది. కాబట్టి గొట్టం వెడల్పుగా, ఎక్కడా పైకి లేవకుండా, ఆయిల్ మట్టానికి పైన, ఇంజిన్ అడుగున ఉన్న ఆయిల్ ఛాంబర్లోకి చేరాలి. మియాటా ఆయిల్ ఛాంబర్ విప్పడానికి ఇంజిన్ కింది దూలాన్ని దించాలి. ఆ పెద్ద పని తప్పించుకోవడానికి చాలామంది ఛాంబర్ కారుకు ఉండగానే రంధ్రం చేసి, గ్రీజు పూసిన ట్యాపుతో మరలు కోసి, ఇనుప రజను గ్రీజుకు అంటుకునేలా చూసి, తర్వాత కొత్త ఆయిల్‌తో కడిగేవారు. ఒక్క రజను మిగిలినా బేరింగు పోతుంది. అందుకే జాగ్రత్త తెలిసినవారు ఛాంబర్ విప్పే శ్రమకే ఓర్చుకున్నారు, అదే సరైన పద్ధతి.

మూడోది వేడి. బయటి గాలి 27 డిగ్రీలు ఉందనుకుంటే, 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) బూస్టుకు నొక్కేసరికి మామూలు టర్బోలో అది 75 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచన, పైగా నాకింగ్‌కు దగ్గరి చుట్టం. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక మధ్య గొట్టాల్లో ఉత్త గాలే ఉంది గనుక ఇంటర్‌కూలర్‌కు అడ్డు తొలగింది. యార్డుల్లోని వోల్వోలు, సాబ్‌లు, ఇసుజు ఎన్‌పీఆర్ లారీలు కూడా ఆ అవసరం తీర్చాయి.

ఇంతవరకూ లోహం, వెల్డింగ్, ఓపిక ఉంటే చాలు. అసలు కష్టం ఇక మొదలవుతుంది. కార్వేర్ కాలంలో కార్బురేటర్ తనే లెక్క చూసుకునేది. ఇంజెక్షన్ కారులో ఆ లెక్క ఫ్యాక్టరీ కంప్యూటర్ చేతిలో ఉంది. టర్బో లేని ఇంజిన్ కోసం రాసిన ఆ లెక్కకు బూస్టు అంటే ఏమిటో తెలియదు. గాలి 40 శాతం పెరిగినా పెట్రోలు ఆ మేరకు పెరగకపోతే మిశ్రమం పలచనై, వేడెక్కి, పిస్టన్ కరిగిపోతుంది. మామూలుగా 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చాలు. బూస్టులో చల్లదనం కోసం 12 పాళ్లకు ఒకటి, ఒక్కోసారి ఇంకా చిక్కగా ఇవ్వాలి.

1990ల జవాబు ఒక యాంత్రిక పరికరం. బూస్టు ఒక పీఎస్ఐ పెరిగితే పెట్రోలు పీడనాన్ని అంతకు ఎన్నో రెట్లు పెంచే రెగ్యులేటర్ అది. దాని వెనక సూత్రం కఠినమైనది. ఇంజెక్టర్ గుండా పోయే పెట్రోలు పీడనానికి వర్గమూలంగానే పెరుగుతుంది. అంటే 40 శాతం ఎక్కువ పెట్రోలు కావాలంటే పీడనం దాదాపు రెట్టింపు కావాలి. 40 పీఎస్ఐ దగ్గర నడిచే పెట్రోలును 6 పీఎస్ఐ బూస్టులో 85 దాటించాలి. ఒక్కో పీఎస్ఐ బూస్టుకు ఏడెనిమిది పీఎస్ఐ పెట్రోలు పీడనం అన్నమాట. పాత పంపు అంత ఒత్తిడికి నిలవదు, కొత్త పంపు వేయాలి. స్పార్కు సంగతి ఇంకా మోటుగా ఉండేది. ఇంజిన్ వెనక ఉన్న క్యామ్ సెన్సార్‌ను చేత్తో కాస్త తిప్పి, అన్ని వేగాల్లోనూ స్పార్కును ఆలస్యం చేసేవారు. బూస్టు లేని వేళల్లో కారు మందగించినా సర్దుకునేవారు. తక్కువ బూస్టు వరకూ ఈ ఏర్పాటు పనిచేసింది. 1997లో వచ్చిన కార్కీ బెల్ పుస్తకం ‘మాగ్జిమమ్ బూస్ట్’ ఈ తరానికి పాఠ్యపుస్తకమైంది. లెక్కలన్నీ చేతితో వేసుకునేలా, భయపెట్టకుండా చెప్పిన పుస్తకం అది.

పెట్రోలు, స్పార్కు అదుపులోని ఈ మోటుతనాన్ని తీర్చింది 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్వర్ట్. రేసు జట్లు వాడే ప్రోగ్రాం చేయదగిన కంప్యూటర్లు అప్పటికే ఉన్నా, వాటి ధర పాత మియాటా యజమాని ఊహకు అందేది కాదు. మెగాస్క్వర్ట్ విడి భాగాలుగా వచ్చేది. కొన్నవారే టంకం పెట్టి బోర్డు తయారు చేసుకోవాలి, సర్క్యూట్ పటాలు అందరికీ తెరిచి ఉండేవి. మానిఫోల్డ్‌లోని పీడనాన్ని, గాలి ఉష్ణోగ్రతను కొలిచి, ఇంజిన్ వేగానికి ఒక వైపు, పీడనానికి మరో వైపు గళ్లున్న పట్టిక చూసి ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించేది. మొదటి రూపం పెట్రోలును మాత్రమే చూసుకునేది. స్పార్కును పాత కంప్యూటర్‌కే వదిలి రెండింటినీ పక్కపక్కన నడిపినవారూ ఉన్నారు. స్పార్కు అదుపును వాడుకదారులే ప్రోగ్రాం మార్చి చేర్చారు. దీనితో పీడనాన్ని బలవంతంగా పెంచే అవసరం పోయింది. మాజ్దా ఆర్ఎక్స్-7 నుంచి విప్పిన 460 సీసీ ఇంజెక్టర్లు వేసి, తక్కువసేపు తెరిచినా సరిపడా పెట్రోలు పోయేలా చేసుకున్నారు.

పట్టికలో అంకెలు నింపాలంటే మిశ్రమం నిజంగా ఎంత చిక్కగా ఉందో తెలియాలి. మామూలు ఆక్సిజన్ సెన్సార్ 14.7 దగ్గర అటా ఇటా అని మాత్రమే చెబుతుంది. 12 ఉందో 13 ఉందో దానికి పట్టదు, ప్రాణం నిలిచేదీ పోయేదీ ఆ తేడాలోనే. విస్తృత పరిధిని కొలిచే సెన్సార్ హోండా సివిక్ వీఎక్స్ వంటి పొదుపు కార్లలో ఉండేది. ఔత్సాహికులు దానికి సొంత సర్క్యూట్లు కట్టుకున్నారు. తర్వాత బాష్ సెన్సార్లు కుటుంబపు కార్లలో విరివిగా రావడంతో ధరలు పడిపోయి, 2000ల మధ్య నాటికి తయారు మీటర్లు సామాన్యుల చేతికి వచ్చాయి. ఈ ఒక్క సెన్సార్ కాపాడినన్ని పిస్టన్లు మరే పరికరమూ కాపాడి ఉండదు. అంతకుముందు ప్లగ్ విప్పి రంగు చూసి ఊహించడమే గతి.

ఖర్చు తగ్గించడమే ఆటగా మారిన రోజులూ ఇవే. గ్రాస్‌రూట్స్ మోటార్‌స్పోర్ట్స్ అనే అమెరికా పత్రిక, కారు కొనుగోలూ మార్పులూ అన్నీ కలిపి సుమారు 2,000 డాలర్లలో ముగించాలనే నియమంతో ఫ్లోరిడాలో ఏటా పోటీ నడిపింది. ప్రతి నట్టుకూ లెక్క చూపాలి. అమ్మేసిన పాత భాగాల డబ్బును కొంతమేరకు తీసివేసుకోవచ్చు. యార్డు టర్బోలు, చేతి మానిఫోల్డులు అక్కడ వరుసకట్టాయి.

బూస్టు వచ్చాక బలహీనత ఇంజిన్ నుంచి వెనక్కి జరుగుతూ పోయింది. ముందు క్లచ్ జారింది. అది మారిస్తే 1.6 లీటర్ల కార్లలోని చిన్న డిఫరెన్షియల్ పళ్లు విరిగాయి. 1994 నుంచి 1.8 లీటర్ల కార్లలో వచ్చిన పెద్ద డిఫరెన్షియల్‌ను యార్డుల్లో వెతికి తెచ్చి వేశారు. బూస్టు ఇంకా పెంచితే సన్నని కనెక్టింగ్ రాడ్లు వంగాయి. కాలిఫోర్నియాలో మరో అడ్డు ఉంది. అక్కడ కాలుష్య పరీక్షలో పొగతోపాటు బానెట్ కింద కూడా చూస్తారు. రాష్ట్ర వాయు వనరుల మండలి ఆమోద సంఖ్య లేని టర్బో కనిపిస్తే కారు పరీక్షలో తప్పుతుంది. అలాంటి సంఖ్య కంపెనీ కిట్లకు దొరకవచ్చు గానీ షెడ్డులో వెల్డింగ్ చేసిన మానిఫోల్డ్‌కు దొరకదు. తక్కువ ఖర్చు టర్బోలు పరీక్షలు సడలిన రాష్ట్రాల్లో, లేదా రోడ్డు విడిచి ట్రాకుకే పరిమితమైన కార్లలో ఎక్కువగా నిలవడానికి ఇదొక కారణం.

యజమానులు పదిహేనేళ్లుగా చేస్తున్న పనిని మాజ్దా 2004లో తానే చేసింది. మాజ్దాస్పీడ్ ఎంఎక్స్-5 పేరుతో 1.8 లీటర్ల ఇంజిన్‌కు టర్బో, ఇంటర్‌కూలర్ చేర్చి 178 హార్స్‌పవర్‌తో అమ్మింది. క్లచ్, ఆరు గేర్ల పెట్టె, డిఫరెన్షియల్ కూడా గట్టిపరిచింది. షెడ్డుల్లో ముందుగా చేతులెత్తేసినవీ ఎక్కువగా ఇవే. 2005తో ఆ కారు ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎంఎక్స్-5 తరాలకు మాజ్దా మళ్లీ టర్బో పెట్టలేదు. వాటికీ యజమానులు బయటే టర్బోలు తగిలించుకుంటున్నారు. పెట్రోలు లెక్క మాత్రం ఇప్పుడు విడి బోర్డు మీద కాకుండా, ఫ్యాక్టరీ కంప్యూటర్‌నే తిరగరాసి చూసుకుంటున్నారు.